డ్రైవరుగారు చూసిన గుళ్ళు

పొద్దున్న ఆరింటికల్లా లాడ్జి గదిలో అందరి స్నానాలూ అయిపోయాయి, ఒక్క డ్రైవరుగారిది తప్ప. ఆయన బాత్రూములో కొళాయి తిప్పి నిలబడ్డారే కానీ ఒంటి మీద చెంబుడు నీళ్ళు పోసుకోలేదు. ఎంత ఆలస్యమైతే అంత మంచిదని ఆయన ఆశ.

తలుపు అవతల భార్య చెల్లెలితో చెప్తోంది.

"మనకి గైడెందుకే? ఈ ఊళ్ళో గుళ్ళన్నీ మీ బావగారికి కొట్టినపిండి. ఇరవై రెండేళ్ళు యాత్రల బస్సు నడిపారు. నెలకి రెండు దర్శనాలు."

"అందుకేగా అక్కా నేనూ బయల్దేరింది" అంది మరదలు.

డ్రైవరుగారు కొళాయి ఇంకాస్త తిప్పారు. ఆ ఊరికి ఆయన కొన్ని వందలసార్లు వచ్చిన మాట నిజం. గుళ్ళోకి మాత్రం ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. ఎనిమిది గంటలు బస్సు నడిపి యాత్రికుల్ని ఇక్కడ దింపేవారు. వాళ్ళు గుళ్ళు తిరిగొచ్చే నాలుగైదు గంటలే ఆయనకి నిద్ర. అది కూడా లేకపోతే తిరుగు ప్రయాణంలో యాభైమంది ప్రాణాలకి పూచీ ఎవరు?

ఈ మాట మొదట్లోనే చెప్పేస్తే సరిపోయేది. కానీ పెళ్ళయిన కొత్తలో, మొదటి ట్రిప్పు నుంచి రాగానే భార్య గుమ్మంలోనే చేతులు పట్టుకుని "దర్శనం బాగా అయిందా?" అని అడిగింది. ఆ మొహం చూసి కాదనలేక "దివ్యంగా అయింది" అనేశారు. ఇక అక్కణ్ణించి ట్రిప్పుకో గుడి గురించి చెప్పాల్సొచ్చింది. సరుక్కి కొదవ లేదు. తిరుగు ప్రయాణంలో వెనక సీట్ల కబుర్లన్నీ ఆయన చెవిన పడేవి. వాటికే కాస్త రంగులద్ది ఇంట్లో చెప్పేవారు. అయితే ఏ స్తంభం ఏ గుడిదో ఆ కబుర్లలో సరిగ్గా తేలేది కాదు.

మొదట శివాలయానికి వెళ్ళారు. భార్య అందరికంటే ముందు నడిచింది.

"గోపురం దాటగానే రెండు పక్కలా రాతి ఏనుగులుంటాయి. తొండాలు పైకెత్తి ఉంటాయి. ఒకదానికి చెవి విరిగింది" అని కూతురికి చెప్తూ గోపురం దాటి ఆగిపోయింది. "ఏవండీ, ఏనుగులేవి?"

"తీసేసినట్టున్నారు."

"తొమ్మిది వందల ఏళ్ళ నాటి ఏనుగుల్నా?"

"బాగుచేయించడానికి పట్టుకెళ్ళుంటారు."

"దేంట్లో బావగారూ? మీ బస్సులోనా?" అంది మరదలు. స్కూల్లో పాఠాలు చెప్పే కూతురు, కాపీ కొట్టిన పిల్లాణ్ణి చూసినట్టు తండ్రి వంక ఒకసారి చూసింది.

ఏనుగులు రెండో గుళ్ళో కనిపించాయి. చెవి విరిగింది కూడా అక్కడే ఉంది. డ్రైవరుగారు బుర్ర గోక్కున్నారు.

"వయసు మీద పడింది కదా. గుళ్ళు కలిసిపోతున్నాయి."

భార్య నమ్మేసింది. "అన్ని చూసిన మనిషికి ఏం గుర్తుంటాయి పాపం" అని కొంగుతో ఆయన మొహం మీద చెమట తుడిచింది. మండిపడినా ఆయనకి అంత బాధ కలిగేది కాదు.

మరదలూ కూతురూ బొమ్మల కొట్లో దూరారు. మొగుడూ పెళ్ళాం బస్టాండు పక్కన టీకొట్టు ముందు కూర్చున్నారు. టీకొట్టతను గ్లాసులందిస్తూ డ్రైవరుగారిని పోల్చుకున్నాడు.

"ఎన్నాళ్ళకి కనబడ్డారు సార్. అమ్మా, ఇదిగో, ఈ బల్ల మీదే పడుకునేవారు. ముసుగు తన్నారంటే చెవి దగ్గర హారన్ కొట్టినా లేచేవారు కాదు. ఒక్కసారైనా గుళ్ళోకి వెళ్ళిరావయ్యా అని మా నాన్న ఎంత పోరేవాడో. ఇన్నాళ్ళకి మీరు లాక్కొచ్చారన్నమాట."

భార్య టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. టీకొట్టతను వేరే బేరం చూసుకోవడానికి వెళ్ళాక అడిగింది.

"ఒక్క గుడీ చూడలేదా?"

"లేదు."

"మరి నాకు చెప్పినవన్నీ?"

"విన్నవి."

డ్రైవరుగారికి తెలుసు, తర్వాతి ప్రశ్న ఏమిటో. ఇన్నేళ్ళూ ఆయన భయపడింది ఏనుగులకి కాదు, దానికే.

"అమ్మాయికి ఏడేళ్ళప్పుడు జ్వరమొచ్చి ఆస్పత్రిలో ఉంది. మీకు సెలవివ్వలేదు. అమ్మవారి గుళ్ళో నా పేర పదకొండు ప్రదక్షిణలు చెయ్యండని కాళ్ళావేళ్ళా పడి పంపించాను. చేశానన్నారు."

"చెయ్యలేదు."

"పిల్ల అలా ఉంటే నిద్రపోయారా?" అంది ఆవిడ. "ఆ ప్రదక్షిణల వల్లే పిల్ల నాకు దక్కిందని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నానండీ. మీకు చేతులెత్తి దణ్ణం పెట్టాను."

"నిద్రపోలేదు" అన్నారు డ్రైవరుగారు. "టెలిఫోను బూత్ దగ్గర నిలబడ్డాను. పెద్ద లైను. ఆస్పత్రికి కలిస్తే, నర్సు నిన్ను పిలుస్తానని వెళ్ళి రాలేదు. నా వెనకవాళ్ళు గొడవ చేస్తే మళ్ళీ లైను చివరికెళ్ళాను. రెండోసారీ అంతే. మూడోసారికి నువ్వు దొరికావు. పిల్లకెలా ఉందని నేనడిగే లోపే, ప్రదక్షిణలయ్యాయా అన్నావు. అప్పటికి బస్సు తీసే టైమైంది. ఆ గొంతు విని లేదని ఎలా చెప్పను?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి.

"మూడుసార్లు ఫోనొచ్చిందని నర్సు చెప్పింది" అంది చివరికి. "ప్రదక్షిణలు చేస్తూ ఇన్నిసార్లు ఫోనెలా చేశారా అనుకున్నాను. పిల్ల గొడవలో పడి అడగలేదు."

"ముందే చెప్పాల్సింది. తప్పు నాదే."

"మీదే" అంది ఆవిడ, మొహం తుడుచుకుంటూ.

అంతలో మరదలు సంచీ ఊపుకుంటూ వచ్చింది. "బావగారూ, తర్వాత ఏ గుడి? ఈసారైనా కరెక్టుగా చెప్తారా?"

ఇంకొక్క అబద్ధం ఆడే ఓపిక డ్రైవరుగారిలో లేదు. భార్య లేచి చీర సర్దుకుంది.

"అమ్మవారి గుడి. ఇకనించి నేను చెప్తాలేవే. పాపం ఆయన ఇన్నేళ్ళూ చెప్పి చెప్పి అలిసిపోయారు" అని చెల్లెలి చెయ్యి పట్టుకుని ముందుకి నడిచింది.

అమ్మవారి గుడి మిగతావాటికంటే చిన్నది, పాతది. రాతి మెట్లు మధ్యలో అరిగిపోయి ఉన్నాయి. ఎవరూ చెప్పకుండానే డ్రైవరుగారు ప్రదక్షిణ మొదలుపెట్టారు. ఆరో చుట్టుకి మోకాళ్ళు పట్టేశాయి. కూతురొచ్చి రెక్క పట్టుకుని "చాలు నాన్నా, కూర్చో" అంది. ఆయన వినలేదు. భార్య స్తంభం పక్కన నిలబడి వేళ్ళ మీద లెక్కపెడుతోంది.

పదకొండూ పూర్తిచేసి ఆయన గర్భగుడి ముందు చేతులు జోడించారు. ఏం అడగాలో ఆయనకి పాతికేళ్ళుగా తెలుసు.

"తల్లీ, పిల్లకి జ్వరం తగ్గించు."

పక్కనే ఉన్న కూతురు విని తెల్లబోయింది.

"నాకు జ్వరమేంటి నాన్నా? బాగానే ఉన్నాగా. కావాలంటే చూడు."

ఆయన చెయ్యి ఆమె నుదుటి మీద పెట్టి అలాగే ఉంచేశారు. ముప్ఫై రెండేళ్ళ కూతురి ముందు, అంతమంది జనంలో, చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. భార్య వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"తగ్గిందా అండీ?" అని మెల్లగా అడిగింది.

"తగ్గింది" అన్నారు డ్రైవరుగారు.