బోరింగు కాడి గ్లాసు

గోపాల్‌పేట దాటి ఊరి దారి మళ్లే చోట పాత పశువుల దవాఖాన ఉంది. పొద్దు గూకితే దాని ముందున్న బోరింగు దగ్గర ఎవరూ నిలబడరు. ఇంటింటికీ నల్లాలు వచ్చాక దాన్ని కొట్టే అవసరమే లేదు. అయినా ఒక్కో రాత్రి అది కిర్రు... కిర్రుమంటుందట. నీళ్లు పడ్డ చప్పుడు కూడా వినిపిస్తుందట.

ఈరన్న పోయినప్పటి నుంచి ఈ మాట మొదలైంది. దాహంతో పోయినోడు కదా, దాహం కోసమే తిరుగుతున్నాడని ఊరంతా అంటుంది.

ఆ మాట విన్నప్పుడల్లా బుచ్చన్న తల దించుకునేవాడు. ఆయనకు తెలిసిన సంగతి ఊరికి తెలియదు మరి.

ఇద్దరివీ కిడ్నీలు చెడిపోయినవే. వారానికి మూడుసార్లు వనపర్తికి పోయి, పక్కపక్క మంచాల మీద నాలుగేసి గంటలు డయాలసిస్ చేయించుకునేవాళ్లు. రోజుకు మూడు టీ గ్లాసుల నీళ్లే తాగాలి. అంతకు మించితే ఆ నీళ్లు ఒంట్లోనే నిలిచి ఊపిరాడదు. పాలమూరు ఎండల్లో మూడు గ్లాసులతో పొద్దు గడపడమంటే మాటలా? అందుకే ఒకరోజు ఈరన్న మిషన్ మీద చెయ్యి పెట్టించి బుచ్చన్నతో ఒట్టు వేయించుకున్నాడు.

"మనసు చెడితే ఫోన్ జెయ్యాలె. ఎంత రాత్రయినా రెండోటోడు ఎత్తాలె. సరేనా?"

"సరే తియ్, ఎత్తుత," అని నవ్వాడు బుచ్చన్న.

ఒట్టు తప్పింది ఆయనే. పోయిన ఎండాకాలం ఒకనాడు ఈరన్న మిషన్‌కు రాలేదు. ఆ రాత్రి బుచ్చన్న ఫోన్ మోగింది. తెర మీద ఈరన్న పేరు. ఆ రోజే బుచ్చన్నకు మిషన్ మీద కాళ్లు కొంకర్లు పోయి, వాంతులై, ఒళ్లు హూనమై ఉంది. మళ్లీ అదే ఏడుపు ఇప్పుడు వినాలా, ఎల్లుండి మంచం మీద వింటాలే అనుకున్నాడు. మూడుసార్లు మోగింది. మూడోసారి ఫోన్‌ను బోర్లా పెట్టి పడుకున్నాడు.

నడిరాత్రి ఈరన్న ఆ బోరింగు కాడికి పోయి కడుపు పట్టినన్ని నీళ్లు తాగాడు. తెల్లారేసరికి ఊపిరందక పోయాడు.

ఇదంతా జరిగి మూడు నెలలు. మొన్న శ్రావణంలో ఒక మంగళవారం, ఆఖరి షిఫ్టు ముగించుకుని బుచ్చన్న బస్సు దిగేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటింది. ఇక మిషన్ ఎక్కేది లేదని ఆ రోజు మంచం మీదే తీర్మానించుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. అలాంటివి చెప్పుకోవడానికి ఉన్న ఒక్కడినీ తనే చంపుకున్నానని ఆయన బాధ.

దవాఖాన గోడ దగ్గరికి వచ్చాడు. చీకటి. చిన్నగా తుంపర...

కిర్రు... కిర్రు...

నీళ్లు పడ్డ చప్పుడు – తర్వాత ఏమీ లేదు.

పరుగెత్తాల్సినవాడే. కానీ బోరింగు వైపే నడిచాడు. అక్కడ మనిషి లేడు. గొట్టం నుంచి ఇంకా చుక్కలు రాలుతున్నాయి. గద్దె మీద ఒక టీ గ్లాసు, అంచు దాకా నీళ్లతో ఉంది.

"ఈరన్నా..." చీకట్లోకి చూస్తూ అన్నాడు. "పిలుస్తున్నవా? నాడు పిలిస్తే పలకలే. తప్పయింది. ఇప్పుడు వస్త..."

గ్లాసు రెండు చేతులతో ఎత్తాడు. ఆనాటి లెక్క మూడు గ్లాసులూ పొద్దుగాలే అయిపోయాయి. ఇది తాగి, ఇంకోటి కొట్టుకుని, ఇంకోటి...

చీకట్లోంచి చల్లటి చెయ్యొకటి వచ్చి ఎడమ మణికట్టు మీద పడింది!

మరుక్షణం ఆ చెయ్యి ఉలిక్కిపడినట్టు ఎడమ చేతిని వదిలేసి, కుడి చేతిని గట్టిగా పట్టుకుంది. ఎడమది సూదులు గుచ్చే చెయ్యి. దాన్ని నొక్కితే నరం పాడవుతుంది. డయాలసిస్ మనిషి ఉన్న ఇంట్లోవాళ్లకు తప్ప ఆ జాగ్రత్త ఎవరికీ తెలియదు.

"పెట్టు అన్నా, కింద పెట్టు," అంది గుసగుసగా ఈరన్న పెండ్లాం సత్తెమ్మ. "గా గ్లాసు నీకు గాదు."

బుచ్చన్న గద్దె మీద కూలబడ్డాడు. ఆమె గ్లాసు అందుకుంది.

"ఆ రాత్రి దాచిపెట్టిన అన్నా, ఇంట్ల నీళ్లన్నీ. ఒక్క గ్లాసని కాళ్లు మొక్కిండు. ఇయ్యలే. అందుకే గిట్ల, ఆయన పోయిన వారమని మంగళారం రాత్రి నింపి పెడుత. పగలు పెడితే నవ్వుతరు. నీ అడుగుల సప్పుడయితే గోడెనక దాక్కున్న."

ఇక ఆగలేకపోయాడు. "సత్తెమ్మా, ఆ రాత్రి మూడుసార్లు ఫోన్ జేసిండు. నేను మెలకువనే ఉన్న. ఎత్తలే."

ఆమె గ్లాసు పట్టుకునే పక్కన కూచుంది.

"ఆయన గాదు... నేను జేసిన. మాకున్నది ఆ ఒక్క ఫోనే గద. ఆయన పక్కనే కూసున్నడు. బుచ్చన్న చెప్తే పోత మిషన్‌కు, అన్నడు."

బుచ్చన్న ముడుచుకుని ఏడ్చాడు. ఊరుకోమని ఆమె అనలేదు. తప్పు లేదని కూడా అనలేదు. గ్లాసులో నీళ్లు మట్టిలో పోసి, కొంగుతో తుడిచి, లేచింది.

"మల్ల మిషన్ ఎన్నడు?"

ఎక్కనని అనబోయాడు. అనలేకపోయాడు. "బేస్తారం."

"పొద్దుగాల ఫోన్ జేస్త," అని చీకట్లోకి నడిచింది.

గురువారం తెల్లవారకముందే ఫోన్ మోగింది. ఆ నంబరు పేరు మార్చడానికి బుచ్చన్నకు ఏనాడూ చెయ్యి రాలేదు. తెర మీద ఈరన్న పేరు చూస్తూ, మొదటి మోతకే ఎత్తాడు.

"లేసినవా అన్నా?"

"లేసిన," అన్నాడు బుచ్చన్న. "పోతున్న."