గాంధారం కింద గీత

"అఖిల్, ఇందుల గీతలేవి?"

చంద్రిక చేతిలోని కాగితం లాక్కుని చూశాను. తొంభై అయిదు వానాకాలం. చిక్కడపల్లిలో ఒక సంగీత సభ, హాలు వెనక వరండా. మా పాటకు పది నిమిషాలే టైముంది.

గీతలంటే, నేను రాసిన స్వరాల్లో గాంధారం కింద పెట్టిన గుర్తులు. నా కీబోర్డులో గాంధారం వెంట్రుకవాసి ఎక్కువ పలుకుతుంది. మా పాటలో నేను షడ్జం పట్టి ఉంటే తను దాని మీద గాంధారం పాడాలి. షడ్జం నాలుగుసార్లు కంపించేలోగా గాంధారం సరిగ్గా అయిదుసార్లు కంపిస్తేనే రెండు గొంతులూ కలుస్తాయి. లేకపోతే మధ్యలో ఒక వణుకు. అందుకే, ఇక్కడ జర దించు అని గీత. చెరిపి దిద్దుకోవడానికి వీలుగా గీతలు పెన్సిలుతో, స్వరాలు ఇంకుతో. అశోక్ నగర్‌లో జిరాక్సు తీయిస్తే ఇంకు వచ్చింది, పెన్సిలు రాలేదు. తెలివైనవాణ్ణి కదా, చూసుకోకుండానే ఇప్పుడు తెచ్చి ఇచ్చేశాను. గీతలున్న అసలు కాగితం ఇంట్లో ఉంది.

"నాలుగు రోజులు కీబోర్డు పెట్టుకునే పాడిన, ఆ ఎక్కువ గాంధారమే అలవాటైంది," అంది చంద్రిక. "నాయిన ముందు వరసలనే కూసున్నడు."

అసలు భయం అదే. చంద్రిక నాన్న రామచంద్రరావు గారు నారాయణగూడలో ముప్పయ్యేళ్లుగా తంబూరా పట్టి పాఠం చెప్పే మనిషి. రెండు గొంతులు రెండు స్వరాలు పాడటం ఆయనకు గిట్టదు. "గాంధారం వణికితే రేపటి నుంచి మా ఇంటికి రాకు," అని మొహం మీదే చెప్పారు. ఆ ఇంటికి వెళ్లకపోతే చంద్రికను చూసేదెట్లా?

"నా చేతులు వణుకుతున్నయ్," అన్నాను.

"వణకనీ. గొంతు వణకొద్దు. నువ్వు షడ్జం పట్టుకొని కదలకుండ నిలబడు. నేను వింటూ దిగుత. నీతోని కలిసిన కాడ ఆగుత."

"కలవకపోతే?"

"నాకైతే డౌట్ లేదు. నీకుందా?"

జవాబు చెప్పేలోపే మా పేర్లు పిలిచారు.

మొదటి గాంధారం వచ్చింది. వణుకు! రామచంద్రరావు గారు తలెత్తారు. స్టేజీ దిగి పారిపోదామనిపించింది. కళ్లు మూసుకుని షడ్జం పట్టుకున్నాను. చంద్రిక గొంతు దిగుతోంది. వణుకు మెల్లబడింది. ఇంకా మెల్లబడింది. ఆగిపోయింది. తర్వాత వచ్చిన గాంధారాలన్నీ నేరుగా అక్కడికే వచ్చాయి. పాట అయ్యేదాకా నేను కళ్లు తెరవలేదు.

వరండాలోకి ఆయన వచ్చారు. కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"గాంధారం కింద ఏం గుర్తు లేదు. ఎట్ల పాడినవు బిడ్డా?"

"అఖిల్‌ను విని పాడిన నాయినా. పెన్సిలు గీతలు జిరాక్సుల రాలే."

నేను ఆయన ముందుకెళ్లి అడిగేశాను. "మొదటిది వణికింది సార్. రేపటి నుంచి రావొద్దా?"

"వణికింది. ఆగింది గూడ. నువ్వు భయపడి కదిలితే ఆగకపోతుండె." జేబులోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టారు. "రేపు పొద్దుగాల ఇంటికి రా. ఈసారి ఇంకుతోని రాయి."

చంద్రిక తల వంచుకుని నవ్వింది. నేను ఆయన దగ్గర కాగితం తీసుకుని, మొదటి గాంధారం కింద అక్కడే ఇంకుతో గీత పెట్టాను.