మూడో సిలిండర్

ఛత్రినాకలో పెద్ద రోడ్డు మీంచి కిందికి దిగే గల్లీ చివర డానియేలు షెడ్డు ఉంది. రేకుల కప్పు, రెండు కార్లు పట్టే జాగా, మూలన నీళ్ళ డ్రమ్ము, గోడకు చర్చి వాళ్ళిచ్చిన క్యాలెండరు. పెళ్ళి కాకముందు నుంచీ డానియేలు అక్కడే పనిచేస్తున్నాడు. బండి బాగాలేదని వచ్చినవాళ్ళను ముందు మాట్లాడనివ్వడు. బానెట్టు ఎత్తి, ఇంజను స్టార్టు చేయించి, కళ్ళు మూసుకుని కాసేపు వింటాడు. ఆ తర్వాతే పానా పట్టుకుంటాడు.

ఆ రోజు సాయంత్రం వాన మొదలైంది. బోనాల కోసం గల్లీకి అడ్డంగా కట్టిన వేపమండలు తడిసి చేదు వాసన వేస్తున్నాయి. మసీదులో పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ ముగిసింది. డానియేలు షట్టరు సగం దించి చాయ్ పెట్టుకుంటుండగా గల్లీ మొదట్లో ఒక ఇంజను గర్జించింది. కాసేపటికి నీళ్ళలో మెల్లగా దిగుతూ ఒక ఎర్ర కారు వచ్చి షెడ్డులోకి తిరిగింది.

కారులోంచి ఒవైస్ దిగాడు. బహదూర్‌పురా కుర్రాడు. తండ్రి పోయాక రెక్సిను దుకాణం అతనే నడుపుతున్నాడు. ఇంట్లో తల్లి సలీమా, చెల్లెలు ఆఫ్షీన్. పోయిన నెలే ఈ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. టర్బో ఇంజను. తొక్కితే వీపు సీటుకు అతుక్కుపోతుంది. అలాంటి కారు తన చేతిలో ఉందని అతనికి ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు, దిగాక కూడా ఒక చెయ్యి దాని మీదే ఉంచుతాడు.

"డానియేల్ భాయ్, దుకాణం బంద్ చెయ్యకు. ఒక్కసారి దీన్ని విను."

"ఏమైంది భాయ్?"

"నిలబెట్టినప్పుడు లోపల్నుంచి ఒక చప్పుడు వస్తుంది. ఎక్స్‌లేటర్ ఇస్తే పోతుంది. ఒకడు టైమింగ్ చైన్ అన్నడు, మార్పించిన. ఇంకొకడు టర్బో బేరింగ్ అన్నడు, అదీ మార్పించిన. చప్పుడు మాత్రం పోతలేదు. రోజురోజుకు ఎక్కువైతుంది."

డానియేలు బానెట్టు ఎత్తాడు. వేడి నూనె వాసన ముఖానికి కొట్టింది. కళ్ళు మూసుకున్నాడు. రేకుల మీద వాన, ఎగ్జాస్టు గుడగుడ. వాటి కింద ఎక్కడో... సన్నగా గీసినట్టు ఒక చప్పుడు. తర్వాత చిన్న ఈల. ఆగింది. మళ్ళీ మొదలైంది.

ఇంజను నిమిషానికి ఎనిమిది వందల సార్లు తిరుగుతోంది. లోపల ఏది అరిగినా, ఏది వదులైనా ఆ తిరుగుడుతో పాటే మోగాలి. ఈ చప్పుడు అంత తీరికగా ఎందుకు వస్తున్నట్టు? డానియేలుకు అంతు చిక్కలేదు.

స్టెతస్కోపు తీశాడు. డాక్టర్లు వాడేదే. చివరి బిళ్ళ తీసేసి దానికి సన్నని ఇనుప కడ్డీ బిగించుకున్నాడు. కడ్డీ మొనను ఇంజను మీద అక్కడక్కడా ఆనించుకుంటూ వచ్చాడు. ఒకచోట చెయ్యి ఆగిపోయింది.

"భాయ్, ఇటు రా. నువ్వు కూడ విను."

ఒవైస్ గొట్టాలు చెవుల్లో పెట్టుకున్నాడు. అతని ముఖంలో ముందు ఆసక్తి ఉంది. తర్వాత అది పోయింది. గొట్టాలు తీసి డానియేలు చేతిలో పెట్టి, కారుకు రెండడుగులు దూరంగా జరిగాడు.

"ఏం వినిపించింది?"

"ఏం లేదు భాయ్. నువ్వు చూడు."

ఏ సిలిండర్‌లోంచి చప్పుడు వస్తుందో తేల్చడానికి ఒక పద్ధతుంది. ఇంజను నడుస్తుండగానే ప్లగ్గుల మీది కాయిళ్ళ వైరు సాకెట్లు ఒక్కొక్కటే పీకాలి. సాకెట్టు పీకిన సిలిండర్ పనిచేయదు. చప్పుడు దాందే అయితే దాంతో పాటే ఆగుతుంది. డానియేలు మొదటి సాకెట్టు పీకాడు. ఇంజను కుంటింది, చప్పుడు పోలేదు. తిరిగి పెట్టాడు. రెండోదీ అంతే. మూడోది పీకాడు.

చప్పుడు ఆగిపోయింది.

"దొరికింది. మూడో సిలిండర్," అన్నాడు డానియేలు.

అప్పుడే ఒవైస్ ఫోను మోగింది. ఆఫ్షీన్. అవతల ఏమంటుందో డానియేలుకు వినపడలేదు కానీ ఒవైస్ గొంతు మారిపోయింది. "ఊపిరి తీసుకుంటలేదా? నోట్ల దమ్ము పంపు పెట్టినవా? వీపు రుద్దు, వీపు రుద్దు." ఇంజను మరీ వణుకుతోందని డానియేలు సాకెట్టు తిరిగి పెట్టేశాడు. ఒవైస్ గోడకు ఆనుకున్నాడు.

"వచ్చిందంట. ఊపిరి వచ్చిందంట," అన్నాడు. "అమ్మీకి దమ్ము రోగం ఉంది భాయ్. నేను పోతా."

"పో భాయ్. ఒక్కసారి పక్కా చేసుకుంటా, బండి ఇక్కడ్నే ఉంచు." డానియేలు వంగి మూడో సాకెట్టు మళ్ళీ పీకాడు.

ఫోను ఇంకా ఒవైస్ చెవి దగ్గరే ఉంది. ఈసారి ఆఫ్షీన్ మాట డానియేలుకూ వినిపించింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"భాయ్... మళ్ళీ ఆగిపోయింది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డానియేలు చేతిలో సాకెట్టు ఉంది. దాన్ని పెట్టేదాకా అవతల నుంచి మాట లేదు. పెట్టాడు. ఇంజను లోపల గీసినట్టు చప్పుడు, ఆ వెంట ఈల. ఫోనులో ఆఫ్షీన్ ఏడుపు మొదలైంది. "తీసుకుంటుంది భాయ్. తీసుకుంటుంది."

"నేను విన్నది అమ్మీ ఊపిరి," అన్నాడు ఒవైస్ గుసగుసగా. "చిన్నప్పటి నుంచి ఆమె పక్కనే పడుకున్న. నాకు తెల్వదా?"

"గట్లెట్ల అయితది భాయ్. నువ్వు రోజూ బండి ఆపుతున్నవ్ కదా."

ఒవైస్ కారు వైపు చూశాడు. "బండి ఆపి ఇంట్లకు పోంగనే దమ్ము వస్తది ఆమెకు. రోజూ. పొగ పడ్తలేదేమో అనుకున్న. మొదట్ల జర్రసేపే ఉండె. నిన్న మాత్రం... నిన్న ఆమె పెదవులు నీలం అయినయ్ భాయ్."

వాన జోరందుకుంది. ఒవైస్ డానియేలు చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు చిన్నపిల్లాడి పట్టులా ఉంది.

"నేను ఇంటికి పోతా. ఆఫ్షీన్‌ను అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యమంట. దాంట్ల ఆక్సిజన్ పెట్టేదాక దీన్ని ఆపకు. ఏమైనా గానీ ఆపకు."

డానియేలు తన స్కూటరు తాళం ఇచ్చాడు. ఆఫ్షీన్‌ను తన ఫోనుకు చేయమన్నాడు. స్కూటరు చప్పుడు వానలో కలిసిపోయింది. షెడ్డులో డానియేలు, ఎర్ర కారు మిగిలారు.

ఫోనును స్పీకర్‌లో పెట్టి ముందు చక్రం పైనున్న ఫెండరు మీద ఉంచాడు. "అంకుల్, నడుస్తుందా?" అంది ఆఫ్షీన్. "నడుస్తుంది బిడ్డా. అంబులెన్స్?" "గల్లీల నీళ్ళు నిండినయంట. చుట్టు తిరిగి వస్తున్నం అన్నరు."

కరెంటు పోయింది.

షెడ్డులో కారు మీటర్ల వెలుతురు తప్ప ఏమీ లేదు. అందులో వేడి చూపే ముల్లు సగం దాటి ఉంది. డానియేలు ముందుకు వెళ్ళి చూశాడు. రేడియేటరు ఫ్యాను తిరగడం లేదు. ఫ్యూజు బాగానే ఉంది. టార్చి నోట్లో పెట్టుకుని బ్యాటరీ నుంచి ఫ్యానుకు తిన్నగా వైరు కలిపాడు. ఫ్యాను తిరిగింది. హమ్మయ్య అనుకుని వచ్చి ముల్లు చూశాడు. అది ఇంకా పైకి పోతూనే ఉంది.

డ్రమ్ములోంచి నీళ్ళు ముంచి రేడియేటరు మీద పోశాడు. సుయ్యిమని ఆవిరి లేచింది. మళ్ళీ పోశాడు. కాలిన రబ్బరు వాసన. పెట్రోలు లైటు వెలిగింది. సామాను కడగడానికి డబ్బాలో ఉంచుకున్న పెట్రోలంతా ట్యాంకులో ఒంపాడు. ఏ బండికి ఏం చేయాలో తెలిసిన చేతులు అవి. ఒక్క పనీ తప్పు చేయలేదు. ఒక్కటీ పనిచేయలేదు.

స్టెతస్కోపు పెట్టుకుని విన్నాడు. గీసినట్టు చప్పుడు... ఆగింది. ఈల... ఆగింది. ఆ ఆగడం ఎక్కువవుతోంది.

"అంకుల్." ఆఫ్షీన్ గొంతు సన్నబడింది. "మెల్లగైంది అంకుల్. మస్తు మెల్లగైంది."

"పంపు పెట్టు బిడ్డా."

"పెడ్తనే ఉన్న."

ప్రభువా, అన్నాడు డానియేలు. ఇంకేం అడగాలో తోచలేదు. ఏ పేరుతో అడగాలి, ఏమని అడగాలి? ఇంజను చల్లబరచమనా? లోపల ఇనుము ఇనుమును కొరకడం మొదలైంది. కారు మొత్తం ఒక్కసారి వణికింది. మళ్ళీ వణికింది.

"ఆపకండి అంకుల్. ఆపకండి."

"నేను ఆపుతలేను బిడ్డా," అన్నాడు డానియేలు. అతని గొంతు అతనికే వినపడలేదు.

ఇంజను పట్టేసి ఆగిపోయింది.

తాళం తిప్పాడు. టక్. మళ్ళీ తిప్పాడు. టక్. ఎక్కడా ప్రాణం లేదు. ఫోనులోంచీ ఏమీ రాలేదు. వేడెక్కిన ఇనుము చిటచిటలాడుతూ చల్లబడుతోంది. డానియేలు చెమటతో, నీళ్ళతో తడిసి కారు పక్కన నేల మీద కూలబడ్డాడు. ఫోను వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

ఎంతసేపు అట్లా కూర్చున్నాడో అతనికి తెలియదు.

"అంకుల్..."

"చెప్పు బిడ్డా."

"అమ్మీ లేచి కూర్చుంది."

డానియేలు చెయ్యి చాచి ఫోను అందుకున్నాడు. అవతల ఒవైస్ గొంతు, ఏడుస్తూ, నవ్వుతూ. చేరుకున్నట్టున్నాడు. "భాయ్, మంచిగైంది భాయ్. దమ్ము లేదు, దగ్గు లేదు. ఇంత సాఫ్‌గా ఊపిరి తీసుకునుడు నేను ఎప్పుడు చూడలే. నీతోని మాట్లాడతా అంటుంది."

ఫోను చేతులు మారిన చప్పుడు. తర్వాత ఒక పెద్దామె గొంతు, నిమ్మళంగా, ఇప్పుడే నిద్ర లేచినట్టు.

"డానియేల్ భాయ్. మస్తు వేడి ఉండె లోపల. ఉక్కిరిబిక్కిరి అయిన. నన్ను దింపినవ్. అల్లా నిన్ను సల్లగ చూడాలె."

"అమ్మా, నేనేం చెయ్యలే అమ్మా."

"వెనక సీట్ల పిల్లను ఎందుకు దింపలే?"

డానియేలు తల తిప్పి కారు వైపు చూశాడు.

"నాకంటె ముందు నుంచి ఉంది భాయ్ ఆమె. చాన దినాల నుంచి ఉంది. నేను వస్తుంటె నా కొంగు పట్టుకుంది. ఆమెను కూడ దింపు." పక్కనే ఒవైస్ ఏదో అడుగుతున్నాడు, ఏ పిల్ల అమ్మీ, ఎవరు అమ్మీ. ఆమె మళ్ళీ డానియేలుతోనే అంది. "ఏడుస్తుంది భాయ్. నీకు వినొస్తలేదా?"

ఫోను ఆమె చేతిలోంచి ఎవరో తీసుకున్నారు. లైను తెగిపోయింది.

డానియేలు లేచాడు. టార్చి వెనక అద్దం మీద వేశాడు. సీటు ఖాళీగా ఉంది. అద్దం మీద మాత్రం, లోపలి వైపు, ఆవిరి పట్టిన చిన్న మచ్చ ఒకటి కనిపించింది. రూపాయి బిళ్ళంత. చిన్నపిల్ల నోరు ఆనిస్తే వచ్చేంత ఎత్తులో. అతను చూస్తుండగానే అది తగ్గిపోయింది. మళ్ళీ పరుచుకుంది. తగ్గింది.

తలుపు లాగాడు. రాలేదు. నాలుగు తలుపులకూ లోపల్నుంచి లాకులు పడి ఉన్నాయి. తాళంచెవి స్టీరింగు దగ్గర వేలాడుతోంది.

సుత్తె తెచ్చాడు. ఎత్తాడు. మచ్చ వచ్చింది, ఈసారి ఇంకా చిన్నగా. వైరు పీకితే ఊపిరి ఆగడం అతను చూశాడు. ఇంజను ఆగిపోతే ఊపిరి రావడమూ చూశాడు. ఇప్పుడు అద్దం పగిలితే ఆ పిల్ల దిగుతుందా, ఆ మిగిలిన కాస్తా పోతుందా? అతనికి తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరున్నారు, అడగడానికి? ఎత్తిన సుత్తె అట్లాగే ఉండిపోయింది.

మచ్చ తగ్గింది. మాయమైంది.

డానియేలు ఎదురుచూశాడు. రేకుల మీద వాన... అద్దం నల్లగా, శుభ్రంగా ఉంది. ఇంకా ఎదురుచూశాడు.

రాలేదు.

సుత్తె దించి, ముఖం తుడుచుకుని, అతను మెల్లగా ముందు తలుపు వైపు తిరిగి, లోపలికి చూడ్డానికి వంగాడు.

అప్పుడు వచ్చింది మచ్చ. డ్రైవరు సీటు అద్దం మీద, లోపలి వైపు, సరిగ్గా అతని నోటికి ఎదురుగా.