పియానో గదిలో కూనిరాగం

ఆ మేడ మీది వెనకగది పేరెత్తితే చాలు, కింద కుట్టుషాపు టైలరు మిషను ఆపేస్తాడు.

"చీకటి పడ్డాక అటు పోకండి... ఆవిడ కూనిరాగం తీస్తుంది," అంటాడు, గొంతు బాగా తగ్గించి.

ఆవిడంటే పియానో టీచరు. ఆ గదిలోనే పాఠాలు చెప్పిందట, ఆ గదిలోనే కన్నుమూసిందట. ఆ పియానోని మెట్ల మీంచి దించడం ఎవరి వల్లా కాక అక్కడే వదిలేశారు. తాళం పడ్డ గది, లోపల నల్లటి పియానో... చెడ్డపేరు రావడానికి ఇంకేం కావాలి?

మా అన్నయ్యా వదినా మాత్రం ఆ పియానోని చూసే ఆ ఇంట్లో దిగారు. వదిన కీబోర్డు వాయిస్తుంది, పాటలకి బాణీలు కడుతుంది. అసలైన పియానో ఉంటే దెయ్యంతోనైనా సర్దుకుపోతానంది. తర్వాత జరిగింది నేను చూడలేదు, ఇద్దరి నోటా విన్నాను. అన్నయ్య చెప్పే కథలో అన్నయ్య సింహం. అందుకని నేను వదిన చెప్పిందే నమ్ముతాను.

సంగతేమిటంటే — రేడియోలో పిల్లల కార్యక్రమానికి ఒక జోలపాట కావాలన్నారు. నచ్చితే వదినకి అక్కడే ఉద్యోగం. ఇక హోటల్లో ప్లేట్ల చప్పుడు మధ్య వాయించే బాధ తప్పుతుంది. పాట శనివారం పొద్దున్నకల్లా అందాలి. బాణీ ఉంది, కీబోర్డు ఉంది, పియానో ఉంది. పాడతానన్న అమ్మాయే లేదు. వచ్చింది పాపం, కింద టైలర్ని దారి అడిగింది... అంతే, మెట్లెక్కకుండానే వెనక్కి తిరిగింది.

"నువ్వే పాడెయ్‌రాదూ?" అన్నాడు అన్నయ్య.

"నేనా? చిన్నప్పుడు నేను పాడితే మా నాన్న రేడియో సౌండు పెంచేవారు. అప్పుడే మానేశాను," అంది వదిన.

గొంతు సంగతి తర్వాత చూసుకుందామని శుక్రవారం రికార్డింగుకి కూర్చున్నారు. కిటికీలకి బొంతలు కట్టారు. ఫ్యాను ఆపారు, ఫ్రిజ్ ఆపారు, గోడ గడియారంలో బ్యాటరీ పీకేశారు. పియానో పైమూత తెరిచి లోపలికి మైకు దింపారు. దీపాలు పెట్టే వేళకి పియానో భాగం అయిపోయింది.

ఇక అసలు బాణీ, కీబోర్డు మీద. దాన్ని పియానో ముందుకే జరిపారు. కాలికింద దాని పెడల్ నున్నటి నేల మీద జారిపోతోంటే అన్నయ్య ఒక ఇటుక తెచ్చి అడ్డం పెట్టి, వంతెన కట్టినవాడిలా చేతులు దులుపుకున్నాడు. ఆయనకి తుమ్ములెక్కువ. వదిన ఆయన్ని ముందుగదిలోకి తరిమేసి, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుంది. కీబోర్డు శబ్దం తీగలోంచి ల్యాప్‌టాప్‌కీ, అక్కణ్ణుంచి ఆవిడ చెవులకీ వెళుతుంది. గదిలో మీటల టకటక తప్ప ఇంకేం వినపడదు.

వాయించడం అయ్యాక ఇద్దరూ కూర్చుని విన్నారు.

మొదటి చరణం బాగుంది. రెండో చరణంలో...

"ఊఁ... ఊఁ... ఊఁ..."

ఆడగొంతు. నూతిలోంచి వస్తున్నట్టు ఉంది. ఒక్క స్వరం తప్పకుండా ఆ బాణీనే పాడుతోంది.

"ఏవండీ... ఆవిడే," అంది వదిన గుసగుసగా. "హెడ్‌ఫోన్స్ దాటి బయటికి రాని బాణీ... ఆవిడకెలా తెలిసిందండీ?"

అన్నయ్య కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. కానీ ఇద్దరిలో ఒక్కరికీ ఆపాలనిపించలేదు.

"భలే పాడుతోంది కదూ..." అన్నాడు వణుకుతూనే.

"ఈ పాటకి సరిగ్గా ఇలాంటి గొంతే కావాలండీ," అంది వదిన దిగులుగా.

తెల్లారితే శనివారం. భయపడుతూ కూర్చునే తీరిక లేదు. "మళ్లీ వాయిస్తాను. ఈసారి మీరు గుమ్మంలో నిలబడండి... ఎవరొస్తారో చూడండి," అంది వదిన.

అన్నయ్య నేల తుడిచే కర్ర పట్టుకుని నిలబడ్డాడు. (ఆయన కథలో అది ఇనప రాడ్డు.) వదిన కళ్లు మూసుకుని వాయించడం మొదలెట్టింది. టక... టక టక... రెండో చరణం వచ్చింది.

పియానో మూలిగింది.

దాని మీట ఒక్కటీ కదల్లేదు, దగ్గర వదిన తప్ప ఎవరూ లేరు. అన్నయ్య కర్ర ముందుకు చాచి ఒక అడుగు వేశాడు... ఇంకో అడుగు... వంగి చూశాడు.

చూసి, కర్ర వదిలేసి నేల మీద చతికిలబడ్డాడు. వదిన ఉలిక్కిపడి హెడ్‌ఫోన్స్ లాగేసింది.

"వచ్చిందా? ఎక్కడ?"

"నీ కుర్చీలోనే ఉంది..."

వదిన కెవ్వుమని ఎగిరి ఆయన ఒళ్లో పడింది. అన్నయ్యకి నవ్వాగక మాట రావడం లేదు. "నువ్వేనే! నోరు మూసుకుని నువ్వే కూనిరాగం తీస్తున్నావు! చెవులు మూసేసుకుంటే నీకేం వినపడుతుంది?"

వదిన ఒక పట్టాన ఒప్పుకోలేదు. అన్నయ్య ఇటుక చూపించాడు — సగం కీబోర్డు పెడల్‌కి అడ్డంగా ఉంది, సగం పియానో పెడల్ మీదికెక్కింది. ఆ పెడల్ అణిగితే తీగల్ని పట్టి ఉంచే మెత్తలన్నీ లేచిపోతాయి. అప్పుడు పక్కన ఎవరు రాగం తీసినా తీగలు అందుకుని మూలుగుతాయి. పైగా సాయంత్రం పియానోలోకి దింపిన మైకు ఆపడం ఇద్దరూ మరిచిపోయారు.

వదిన రికార్డింగు మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని వింది. తన గొంతని తెలియక తను మెచ్చుకున్న గొంతది. ఆవిడకి ఏడుపొచ్చింది. ఎందుకో అన్నయ్యకి అర్థమైంది, అందుకే ఆటపట్టించడం ఆపేసి ఇటుక తీసేశాడు.

తెల్లారేలోపు వదినే పాడిన పాట రేడియోకి వెళ్లిపోయింది.

సోమవారం రేడియో ఆయన ఫోన్ చేశారు. పాట నచ్చిందన్నారు, ఉద్యోగంలో ఎప్పుడు చేరతారన్నారు, అన్నీ అయ్యాక అడిగారు — "ఇంతకీ పాడినావిడ ఎవరండీ?"

వదిన ఒకసారి పియానో వైపు చూసింది.

"నేనేనండీ," అంది.