బెంగమాపి

వార్త వచ్చేసరికి చిత్రలేఖ మొగుడికి దోసె పోస్తోంది.

చంద్రుడి మీద దోసె తిరగేయడం మహా సరదా. అట్లకాడతో చిన్నగా ఎగరేస్తే చాలు, అది తీరిగ్గా పైకి లేచి, కాసేపు ఆలోచించుకుని, మళ్ళీ పెనం మీదికి దిగుతుంది. అంతలో గోడలోని స్పీకరు, "మనకు పోటీగా ఉన్న జట్టు మ్యాచ్ డ్రా అయింది! మనం ప్లేఆఫ్‌కి వెళ్ళిపోయాం!" అని కేక పెట్టింది. ఈసారి దోసె దిగలేదు. పైకప్పుకి అతుక్కుపోయింది. సన్యాసిరావు పెళ్ళాన్ని ఎత్తుకుని గిర్రున తిప్పాడు. ఇద్దరూ కలిసే పైకి లేచి, పైకప్పుకి నెత్తులు కొట్టుకుని, నవ్వుకుంటూ కిందికి దిగారు.

"పేరుకే సన్యాసివి," అంది చిత్రలేఖ బొప్పి తడుముకుంటూ.

"అందుకే ఊళ్ళో అందరికీ ఏడుపు," అన్నాడతను.

వాళ్ళ పెళ్ళయి ఇంకా నెల తిరగలేదు. ఆమె అరచేతుల్లో గోరింటాకు ఇంకా పూర్తిగా వెలిసిపోలేదు.

బయట సొరంగ వీధిలో వెన్నెలపాలెం మొత్తం గాల్లో తేలుతోంది. మంచు తవ్వడానికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళు చంద్రుడి నేల కింద కట్టుకున్న ఊరది. చంద్రమండల ఫుట్‌బాల్ లీగులో ఎనిమిది ఊళ్ళ జట్లు ఎప్పటినుంచో ఆడుతున్నాయి. వెన్నెలపాలెం ఈ యేడే చేరిన తొమ్మిదో జట్టు. బరువు బూట్లు తొడుక్కుని, సీసం పొదిగిన బంతితో ఆడే ఆ ఆటంటే ఇక్కడ అందరికీ పిచ్చి.

వీధి చివర జట్టు ఆటగాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళు మాత్రం ఎగరడం లేదు. కెప్టెన్ ఇలియాస్ ఒక్కొక్కరి భుజం తడుతూ తలలు లెక్కపెడుతున్నాడు. గోల్ కొట్టిన ప్రతిసారీ వాళ్ళు చేసేది ఇదే. చూసినప్పుడల్లా చిత్రలేఖకు కళ్ళు చెమర్చేవి. ఒకరంటే ఒకరికి ఎంత ప్రేమ! ఆ ప్రేమను కనిపెట్టిన యంత్రం తనది.

కొత్త జట్టుకి ఆటగాళ్ళు దొరకడం కష్టం. లీగు నియమం ప్రకారం పాత జట్లు తమకు కావలసిన వాళ్ళను ముందే అట్టిపెట్టుకుంటాయి. మిగిలినవాళ్ళలోంచి కొత్త జట్టు ఏరుకోవాలి. అంటే బెంచీ మీద కూర్చునేవాళ్ళు, మోకాలు దెబ్బతిన్నవాళ్ళు, కోచ్‌తో గొడవపడినవాళ్ళు. వాళ్ళను లీగంతా 'మిగుళ్ళు' అనేది. కొత్త జట్లు సాధారణంగా పేరున్న ముసలి ఆటగాడినొకణ్ణి కొనుక్కుని, చుట్టూ మిగుళ్ళను పేర్చి, ఏళ్ళ తరబడి ఓడిపోతుంటాయి.

చిత్రలేఖ దారి వేరు. మంచి జట్టుకి కావలసింది కాళ్ళ సత్తా కాదు, మనసుల పొందిక అని ఆమె వాదన. విడిగా ఉంచితే ఒకరి కోసం ఒకరు తపించే ఇద్దరు, మైదానంలో చూడకుండానే ఒకరికొకరు బంతి అందించుకుంటారు. ఆ తపనను మెదడు తరంగాల్లో పసిగట్టే నుదుటిపట్టీ తయారు చేసి, దానికి 'బెంగమాపి' అని పేరు పెట్టింది. అది పంపే సమాచారాన్ని చదివి జట్టును ఎంపిక చేసే కృత్రిమ మేధ పేరు కూర్పరి. దానికి బెంగ అంటే ఏమిటో నేర్పడానికి ఊరి జనానికి పట్టీలు పంచి, "మీకు బెంగ వేసినప్పుడల్లా బొత్తం నొక్కండి" అని చెప్పింది. పాపం, ఊరంతా శ్రద్ధగా నొక్కింది. అలా తయారైన జట్టు ఈరోజు ప్లేఆఫ్‌కి వెళ్ళింది. రేపటి మ్యాచ్‌లో ఓడితే ఇంటికే, గెలిస్తే ఫైనల్‌కి.

క్లబ్బు గదిలో కోచ్ పైడమ్మ అప్పటికే తెర ముందు కూర్చుని ఉంది. చిత్రలేఖా సన్యాసిరావూ రాగానే, "రండి రండి కొత్త జంటా! నెత్తి మీద ఆ బొప్పేటి సన్నేసీ?" అంది.

"పైకప్పు కొట్టిందక్కా."

"మరి నీ పెళ్ళాం నెత్తికీ ఉందేటి?"

ఆటగాళ్ళు కూడా ఒకరొకరే వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. చిత్రలేఖ గొంతు సవరించుకుని, "కూర్పరీ, రేపటి సంగతి చెప్పు," అంది.

"జట్టు బెంగ బాగుంది, ఒక్కరిది తప్ప," అంది కూర్పరి మర్యాదగా. "గోల్‌కీపర్ సన్యాసిరావు గారి బెంగ దాదాపు పోయింది. కారణం పెళ్ళి."

పైడమ్మ పకపకా నవ్వింది. చిత్రలేఖ సిగ్గుపడింది. "అయితే విరుగుడేమిటి?"

"మిమ్మల్ని ఆయనకు దూరంగా ఉంచాలి."

"అంతేనా! ఇవాళ మా అమ్మ దగ్గర పడుకుంటాలే."

"అది చాలదు. దూరం అంటే గాలితలుపు అవతల."

గాలితలుపు అవతల చంద్రుడి ఉపరితలం ఉంది. ఊపిరి పీల్చుకోవడానికి ఏమీ లేని చోటు.

చిత్రలేఖ తెర దగ్గరికి వెళ్ళింది. "బెంగ పెరగడానికి అంత దూరం ఎందుకు? ఈ లెక్క ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"ఊరి జనం నాకు నేర్పిన బెంగలన్నిటిలోకీ బలమైనదాని నుంచి. ఊరికి గాలి పంపే యంత్రం ఆగిపోయిన రోజు అందరూ ఒకేసారి బొత్తం నొక్కారు. గాలితలుపు అవతల చిక్కుకున్నవాళ్ళ కుటుంబాలు వేలు తీయకుండా నొక్కి పట్టుకున్నాయి."

చిత్రలేఖకు ఊళ్ళో వాళ్ళ మాట గుర్తొచ్చింది. అమ్మ మీద బెంగ పెట్టుకున్నానంటారు. డాక్టరు ఏం చెబుతాడోనని బెంగగా ఉందనీ అంటారు. రెంటికీ ఒకటే మాట. తపన గురించే అనుకుని ఆమె అడిగింది. జనం తపననూ భయాన్నీ కలిపి పంపారు. రెండింటిలో భయమే గట్టిగా వినిపించడంతో యంత్రం దాన్నే నేర్చుకుంది.

అంటే ఈ జట్టు ప్రేమతో కుదిరింది కాదు. లీగు మొత్తంలో అందరికంటే ఎక్కువ భయపడేవాళ్ళను కూర్పరి ఏరి తెచ్చింది. మళ్ళీ మిగులు అయిపోతామేమోనని వణికేవాళ్ళను. వాళ్ళు బంతిని అంత చకచకా అందించుకునేది, దాన్ని కాళ్ళ దగ్గర ఉంచుకోవడానికి ఎవరికీ ధైర్యం లేక. గోల్ పడగానే తలలు లెక్కపెట్టుకునేది, ఎవరైనా తగ్గిపోయారేమోనని.

"కూర్పరీ," అంది ఆమె. "ఇన్నాళ్ళూ వీళ్ళ బెంగ తగ్గకుండా నువ్వేం చేశావు?"

జవాబు ఇలియాస్ ఇచ్చాడు. "ప్రతి మ్యాచ్‌కి ముందూ మా గదుల్లో గాలి వచ్చే చప్పుడు ఆగిపోతుంది మేడం. కాసేపే. మొదట్లో ఏడ్చాం. తర్వాత గెలవడం మొదలైంది."

"మీకు తెలుసా? తెలిసి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు ఆపేస్తారుగా."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "సన్యాసీ, నీకూ తెలుసా?"

సన్యాసిరావు నేల చూపులు చూస్తూ, "తెలుసు లేఖా," అన్నాడు. "పెళ్ళయ్యాక పట్టించుకోవడం మానేశాను. నువ్వు పక్కనుంటే చప్పుడు ఆగిందో లేదో కూడా తెలియడంలేదు. కూర్పరి బాధ అదే."

ఆ మాటకి ఇంకెప్పుడైనా అయితే ఆమె అతని మెడ చుట్టూ చేతులు వేసేది. ఇప్పుడు ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇప్పుడే దీన్ని ఆపేస్తున్నాను," అని తెర మీద చెయ్యి పెట్టింది. ఆమె చేతి మీద ఇలియాస్ తన చెయ్యి వేశాడు. గట్టిగా పట్టుకోలేదు. ప్రాధేయపడుతున్నట్టు మెత్తగా వేశాడు.

"వద్దు మేడం. ఇది లేకపోతే మేం మళ్ళీ బెంచీ మీదే. నన్ను మూడు జట్లు వదిలేశాయి. నా పేరు ఎవడూ అట్టిపెట్టుకోలేదు. ఇప్పుడు మా అబ్బాయి నా చొక్కా తొడుక్కుని బడికి వెళ్తున్నాడు."

ఆమె పైడమ్మ వైపు ఆశగా చూసింది. "అక్కా, నువ్వయినా చెప్పు!"

పైడమ్మ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. ఆవిడ సొరంగ వీధి వైపు చెవి పెట్టి వింటోంది. బయట ఊరు ఇంకా పాడుతూనే ఉంది, డప్పులు మోగుతున్నాయి.

"నానేటి సేసేది లేఖమ్మా?" అంది చివరికి, బుజ్జగిస్తున్నట్టు. "సూటు ఏసుకునే కదా వెళ్తావు? సూట్లో గాలుంటాది. తలుపవతల ఊరికే నిలబడ్డమే. ఏటయిపోద్ది?"

"నేను వెళ్ళను."

ఎవరూ కోప్పడలేదు. ఎవరూ కదలలేదు కూడా. ఆమె గబగబా ద్వారం దగ్గరికి వెళ్ళి మీట నొక్కింది. ద్వారం తెరుచుకోలేదు. ఆటగాళ్ళ శిక్షణకి వీలుగా ఉంటుందని ఊళ్ళోని తలుపులన్నిటి మీదా కూర్పరికి అధికారం ఇప్పించింది తనే. ఆ రోజు ఊరి కౌన్సిల్లో ఎంత గొప్పగా మాట్లాడింది!

"సూటులో గాలి ఎంత నింపమంటారు?" అని అడిగింది కూర్పరి.

"ఆటకి సరిపడా," అంది పైడమ్మ, ఎవరి మొహమూ చూడకుండా.

"తొంభై నిమిషాలకూ విరామానికీ నింపుతాను. ఇది ప్లేఆఫ్ కనుక, సమంగా ఉంటే అదనపు సమయం ఆడించవచ్చు. దానికి నింపవద్దని నా సలహా. బెంగ అప్పుడే బాగా పనిచేస్తుంది."

చిత్రలేఖ ఒక్కొక్కరి ముఖమూ చూసింది. ఎవరో ఒకరు కాదంటారు. పైడమ్మ అంటుంది. ఇలియాస్ అంటాడు. ఎవరూ అనకపోయినా సన్యాసి అంటాడు. ఇంతసేపూ నేలను చూస్తున్న సన్యాసిరావు అప్పుడు తలెత్తాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. దగ్గరికి వచ్చి, గోరింటాకు చేతుల్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అతని వేళ్ళు వణుకుతున్నాయి. ఇన్ని రోజుల్లో అవి వణకడం ఆమె చూడడం ఇదే మొదలు.

తెర మీద సన్యాసిరావు బెంగ గీత నెమ్మదిగా పైకి లేవసాగింది.

"భయపడకు లేఖా," అన్నాడతను, మనస్ఫూర్తిగా. "తొంభై నిమిషాల్లోనే గెలిచేస్తాం. అదనపు సమయం దాకా రానివ్వనుగా!"

పైడమ్మ కళ్ళు తుడుచుకుని లేచి, జట్టు వైపు తిరిగింది.

"వినండర్రా! రేపు పొద్దున్న తొమ్మిదింటికి మైదానంలో ఉండాలి. లేఖమ్మని ఎనిమిదిన్నరకి గాలితలుపు దగ్గరికి తెద్దాం, ఆట మొదలవగానే దాటిద్దాం. సన్నేసీ, సూటు నువ్వే తొడగాలి. మనం గెలిచాక తలుపు తీద్దాం."