ట్యాగ్ మూగబోతే

"ఈసారి మారువేషం అక్కర్లేదు. నువ్వు నిజంగానే పేషెంటువి," అన్నాడు చీఫ్ ఒరాజ్‌బెక్.

రౌషన్ నవ్వలేదు. ఎడమ రొమ్ములో చేతికి కూడా తగలనంత చిన్న గడ్డ ఉందని డాక్టర్లు ఈమధ్యే చెప్పారు. ఆ కబురు ఆమె ముందుగా చెప్పింది కన్నతల్లికి కాదు, చీఫ్‌కి. గూఢచారి బతుకంటే అంతే మరి.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ఇలాంటి గడ్డ ఎక్కడుందో సర్జన్‌కి చూపడానికి ఇన్నాళ్లూ ఆపరేషన్ రోజు పొద్దున సన్నని తీగ గుచ్చేవారు. ఇప్పుడు ప్రపంచ మార్కెట్ తీగని వదిలేస్తోంది. కొందరు అయస్కాంతపు గింజ అమ్ముతున్నారు, కొందరు రేడియో ట్యాగ్. దాన్ని ముందే గడ్డలో పెడతారు. ఆపరేషన్ వేళ పైనుంచి ప్రోబ్ ఆనిస్తే కూత వినిపిస్తుంది. ఇక్కడే అల్మాటీ నగరంలో ఇంజనీర్లు బియ్యపు గింజంత ట్యాగ్ ఒకటి చవగ్గా తయారుచేశారు. అదిప్పుడు రౌషన్ ఒంట్లో ఉంది. మంత్రుల ఎదుట లైవ్ ఆపరేషన్ నెగ్గితే దేశంలోని ఆస్పత్రులన్నీ దాన్నే కొంటాయి.

"అది ఫోస్ ముఠాకి మింగుడుపడదు," అన్నాడు చీఫ్. "పైకి విదేశీ కంపెనీ. ఎక్కడ లోకల్ సరుకు తలెత్తినా అక్కడ ఒక ఆపరేషన్ ఫెయిలవుతుంది. రేపు థియేటర్లో ట్యాగ్ కూతని నొక్కేసే జామర్ పెడతారు. వెతికి పట్టుకో."

"పట్టుకోలేకపోతే, అన్నా?"

"థియేటర్ తలుపు మీద ఎర్రబల్బు వెలుగుతున్నంతసేపు మేం లోపలికి రాలేం. లోపల మనిషిని కోసి ఉంచితే తుపాకులతో ఎలా దూకుతామమ్మా? బల్బు ఆరిందా, మరుక్షణం నీ పక్కనుంటాం."

తెల్లారింది. వార్డు నర్సు వచ్చి చెవికమ్మలు తీయించింది. వాటిలోనే ట్రాన్స్‌మిటర్ ఉంది. వాచీ తీయించింది. అందులో కెమెరా ఉంది. వీపు వెనక ముళ్లు వేసే గౌను తప్ప రౌషన్‌కి ఏమీ మిగల్లేదు. ముఠా వేలైనా కదపకుండానే ఆస్పత్రి రూలు ఆమె ఆయుధాలన్నీ ఊడబెరికింది.

అయినా ఎవరూ చూడకుండా ఖాళీ థియేటర్లోకి దూరింది. జామర్ బల్ల కింద లేదు, యంత్రాల వెనక లేదు. తలెత్తి చూసింది. దీపం పక్కన లైవ్ కెమెరా, ఫోస్ కంపెనీ బహుమతి. ఎవరూ ఆన్ చేయకుండానే సన్నగా గుంయిమంటోంది. జామర్ అందులోనే ఉంది.

అంతలో భుజం మీద చెయ్యి పడింది. నర్సు దుస్తుల్లో ఓ బండమనిషి. అరచేతిలో సూది మెరిసింది.

అతను నెట్టుకెళ్లిన స్పాన్సర్ల గదిలో మంత్రుల కోసం విందు సర్ది ఉంది. తందూరు రొట్టెలు, వెల్లుల్లి దట్టించిన, కొవ్వు మెరిసే గుర్రపుమాంసం కజీ ముక్కలు, పాలు పోసిన టీ. ఫోస్ కుర్చీలో ఊగుతున్నాడు. పక్కన పచ్చపట్టు గౌనులో అసెల్, అతని మార్కెట్ డైరెక్టర్. సొంత దేశాన్ని అమ్ముకున్న అందగత్తె అని రౌషన్ ఆఫీసులో ఆమెకి పేరు.

"తీగ పడిపోతోంది, మేం ఎగబాకుతున్నాం," అన్నాడు ఫోస్ గోడమీది గ్రాఫు చూపిస్తూ. "మధ్యలో మీ గింజ అడ్డం. ఇవాళ అది మూగబోతుంది, సర్జన్ గుడ్డిగా కోస్తాడు. నువ్వు కేక వేశావో, సూది దిగుతుంది. పాపం గుండె ఆగింది అంటారు."

రౌషన్‌కి భయమేసింది. ఎన్నో తాళాలు తీసింది గానీ, ఈసారి తన ఒళ్లే జైలయింది. గడ్డ లోపలే ఉండిపోతుంది. పెరుగుతుంది.

"పదండి," అన్నాడు ఫోస్.

"ఆగండి," అంది అసెల్. "మా వాళ్లలో గుమ్మందాకా వచ్చిన మనిషిని రొట్టె ముట్టకుండా పంపరు. వరండాలో ముసలమ్మలున్నారు, అనుమానపడతారు."

"మీ ఆచారాలూ మీరూ! తిననీ."

అతనికి పన్నెండు దేశాల మార్కెట్ వాటాలు కంఠతా వచ్చు. థియేటర్లో మాత్రం ఏనాడూ కాలు పెట్టలేదు. బండమనిషిది నర్సు వేషమే గాని నర్సు చదువు కాదు.

"తిను చెల్లీ," అంది అసెల్ కళ్లార్పకుండా. "ఎంగిలిపడితే చాలదు. కడుపునిండా."

రౌషన్ ఆమె మొహంలోకి చూసింది. రాత్రి నుంచి తనకి మంచినీళ్లు కూడా ముట్టకూడదని ఆంక్ష. ఈ జైలుకి తలుపు ఎక్కడుందో చప్పున తెలిసింది. రొట్టె తుంచింది, కజీ ముక్కలు ఒకదాని మీద ఒకటి నోట్లో కుక్కుకుంది.

థియేటర్. తలుపు మీద ఎర్రబల్బు. బండమనిషి సూది పక్కటెముకలకి ఆనుతోంది, కంపెనీ తరఫున వచ్చిన అసెల్ అతని పక్కనే నిలబడింది. మత్తు డాక్టర్ త్యురారోవ్ ప్రతి పేషెంటునీ అడిగే ప్రశ్న కోసం రౌషన్ కాచుకుని ఉంది. ఆయన అడగలేదు! మంత్రులు చూస్తున్నారన్న కంగారులో మర్చిపోయాడు. మాస్కు ముఖం మీదికి దిగుతోంది. రౌషన్ బలమంతా కూడదీసుకుని బ్రేవుమని తేన్చింది.

డాక్టర్ చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఏమిటీ వెల్లుల్లి వాసన? ఏమైనా తిన్నావా?"

"తిన్నానండీ. రొట్టె, కజీ, టీ. కజీ రెండు వాయిలు."

"బుద్ధుందా మీకు? మత్తులో కక్కితే ఊపిరాడక చస్తుంది! ఏ వెధవ పెట్టాడు ఈమెకి? కేసు క్యాన్సిల్! బల్బు ఆర్పండి!"

ఎర్రబల్బు ఆరింది. బండమనిషి సూది ఎత్తేలోగా అసెల్ మడమ అతని పాదం మీద దిగబడింది. తలుపు తోసుకుని, పనివాడి వేషంలో తుడుపుకర్ర పట్టుకున్న చీఫ్, వెనకే అతని మనుషులు దూసుకొచ్చారు.

"ఆవిడ మన మనిషని నాకెందుకు చెప్పలేదన్నా?" అని రౌషన్ విరుచుకుపడింది.

"చెబితే ఆవిడ్ని అంత అసహ్యంగా చూసేదానివా?"

మర్నాడు కెమెరా లేని థియేటర్లో ట్యాగ్ కోడిపిల్లలా కూసింది. గడ్డ పూర్తిగా బయటికొచ్చింది.

లాకప్‌లో ఫోస్ తల పట్టుకుని అడిగాడట. "నన్ను ఏ టెక్నాలజీతో పట్టుకున్నారు?"

"తందూరు రొట్టె," అంది అసెల్. "ఇక్కడ దాని మార్కెట్ వాటా నూటికి నూరు. మీ గ్రాఫులో లేదు."