గాజుల మలుపు దగ్గర బ్రేకు

కోరాపుట్టు నుంచి రాయగడ దిగే ఘాటు రోడ్డులో ఒక మలుపుంది. అక్కడి ఇప్పచెట్టుకి డ్రైవర్లు మట్టిగాజులు కడతారు. చీకటిపడ్డాక అటు వచ్చే బండిలో ఆడవాళ్లుంటే, దిగి మలుపు దాటేదాకా నడవాలి. నడవకపోతే అప్పమ్మ డ్రైవరు కాలు పట్టుకుంటుందట... బ్రేకు నేలదాకా పోతుందట.

అప్పమ్మ ఆ రోడ్డుకి రాళ్లు మోసిన కూలిమనిషి. బ్రేకు పడని లారీ ఒకటి ఆమెను లోయలోకి తోసేసింది. ఆ లారీకి ఏ చెడ్డపేరూ రాలేదు. చచ్చినామె మాత్రం దెయ్యమైంది.

నర్సు పుష్పకుమారి నాకు చెప్పిన సంగతి ఇది. యాభై ఏడులో జరిగింది.

కొండమీద ఊళ్లో పుణ్యవతి అనే పిల్ల రెండు రోజులుగా నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది. తెల్లారేలోగా రాయగడలో డాక్టరు చేతిలో పెట్టకపోతే ఇద్దరూ దక్కరు. పుష్పకుమారి ఆసుపత్రి కారు తీసుకెళ్లి ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టింది. తోడు రావలసిన అత్తగారికి మలుపు పేరు వినగానే ఇంట్లో పని గుర్తొచ్చింది. మొగుడు అమ్మ మాట జవదాటనివాడు. ఇద్దరూ గుమ్మంలోనే ఉండిపోయారు.

ఆ ముందురోజే కారుకి బ్రేకు గొట్టం మార్చారు. బయల్దేరినప్పట్నుంచీ డ్రైవరు లక్ష్మణుడు రెండుసార్లు తొక్కితేగాని బ్రేకు అందడం లేదు. దిగుడు మొదలయ్యాక మూడుసార్లు... నాలుగు... మలుపు దగ్గర ఎన్నిసార్లు తొక్కినా, కుళ్లిన పండుమీద కాలేసినట్టు దిగబడిపోయింది.

లక్ష్మణుడు కారుని కొండవైపు గట్టుకి రాసి, చేతిబ్రేకు లాగి ఆపాడు.

"అప్పమ్మ కాలట్టుకుంది సిస్టరమ్మా. ఆడోళ్లు దిగి నడిస్తేగాని వొగ్గదు."

"ఈ పిల్ల నడవగలదా?"

"నడవకపోతే నానేటి సెయ్యను?"

"బతికినన్నాళ్లూ మీ కాళ్లు పట్టుకున్నది చాలక, చచ్చాక కూడా పట్టుకోవాలా లక్ష్మణుడూ?"

అతను తలుపు తెరుచుకుని దిగాడు. కింది ఊళ్లో పూజలు చేసే దిశారి ఉన్నాడనీ, తీసుకొస్తాననీ గొణిగి, చీకట్లోకి పోయాడు. అంత పుణ్యం కట్టుకున్నాడు — లాంతరు వదిలిపెట్టాడు.

వెనక సీట్లో పుణ్యవతి మూలుగు సన్నబడుతోంది. అరిచే మనిషి అరవడం మానేస్తే ఏమిటో నర్సుకి తెలుసు.

పుష్పకుమారి తండ్రి జీవరాజు లారీ డ్రైవరు. బ్రేకుల్లో గాలి చేరితే అవి మెత్తబడతాయనీ, ఆ గాలి తీస్తే గట్టిపడతాయనీ చిన్నప్పుడే ఆమెకి తెలుసు. తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల తొక్కిపట్టాలి, ఇంకొకరు చక్రం వెనక మర విప్పాలి. మర బిగించకముందే కాలెత్తితే మళ్లీ గాలి లోపలికి పోతుంది. తండ్రి దగ్గర తొక్కే పని ఆమెదే.

ఇప్పుడు తొక్కేదెవరు?

చక్రాలకింద రాళ్లు పెట్టింది. డిక్కీలో పానా, బ్రేకాయిలు డబ్బా దొరికాయి. మందుసంచిలోంచి ఎనిమా రబ్బరుగొట్టం, ఒక ఖాళీ సీసా తీసింది. కారు కిందికి పాకుతూ, పనికాదని తెలిసీ అడిగింది. "పుణ్యవతీ... ఒక్క పది నిమిషాలు. ముందుకొచ్చి తొక్కగలవా తల్లీ?"

సన్నటి మూలుగే వినిపించింది. బురదలో నుదురు ఆనించి ఏడ్చింది.

అప్పుడు... ముందు తలుపు తెరుచుకున్న చప్పుడు. సీటు కిర్రుమంది.

"తొక్కేను, అమ్మీ."

గొంతు బొంగురుగా ఉంది. రెండు రోజులు అరిచిన గొంతు మరి.

"పట్టి ఉంచు." మర విప్పింది. మరకి తొడిగిన గొట్టంలోంచి సీసాలోకి బుడగలు... బుడగలు... బిగించింది. "వదులు." "తొక్కు." "పట్టి ఉంచు." ఒక్కసారి కూడా కాలు తొందరపడలేదు. మధ్యమధ్య లేచి, ఎత్తిన బానెట్టు చాటున బ్రేకాయిలు పోస్తూ, నాలుగు చక్రాలకీ అలాగే తీసింది. చివరికి బుడగలు ఆగి, ఉత్త నూనె ధారగా వచ్చింది.

చేతులు తుడుచుకుని లోపలికి చూసేసరికి పుణ్యవతి వెనక సీట్లో పడుకుని ఉంది. ఎప్పుడు వెళ్లి పడుకుందో! పుష్పకుమారి బ్రేకుమీద కాలేసింది. రాయిలా ఉంది.

లక్ష్మణుడు దిశారిని వెంటబెట్టుకొచ్చి, తొక్కి చూసి, దిశారి దారిలో చదివిన మంత్రం పనిచేసిందన్నాడు. ఆమె వాదించలేదు. పోనిమ్మంది.

తెల్లారుజామున రాయగడలో ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ దక్కారు.

మూడోనాడు పుణ్యవతి లేచి కూర్చుంది. ఆ నొప్పుల్లో భలే తొక్కావమ్మా అని పుష్పకుమారి మెచ్చుకుంది. పిల్లకి అర్థం కాలేదు. జరిగిందంతా చెబితే, తెల్లబోయింది.

"నాకు ఒంటిమీద తెలివే లేదు అక్కా. అయినా... నాకన్నా పెద్దోరు, మిమ్మల్ని పట్టుకుని అమ్మీ అంటానేటి?"

ఇప్పటికీ ఆ మలుపులో డ్రైవర్లు ఆడవాళ్లని దించుతున్నారు. పుష్పకుమారి దిగదు. ముందు సీట్లోనే కూర్చుంటుంది — పక్కన ఇంకొకరికి చోటుండేలా, కొంచెం జరిగి.